వెయ్యి గజాల రైఫిల్ పోటీలో దిగడం ఎలా?

వెయ్యి గజాలంటే 914 మీటర్లు. అంత దూరంలో టార్గెట్ మీది నల్లటి వృత్తం మామూలు కంటికి చుక్కలా కనిపిస్తుంది. ట్రిగ్గర్ నొక్కాక తూటా అక్కడికి చేరడానికి సుమారు సెకనున్నర పడుతుంది. ఆ సెకనున్నర పాటు అది గాలి చేతిలో ఉంటుంది, మన చేతిలో కాదు.

మంచి రైఫిల్ దొరికితే సగం పని అయిపోయినట్టే అని కొత్తగా వచ్చేవాళ్లు అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. కొన్నేళ్లు పోటీల్లో పడుకుని కాల్చాక నాకు అర్థమైంది వేరు. ప్రతి షాట్ తర్వాత ఒక ప్రశ్నకు జవాబు చెప్పుకోవాలి: "ఇది పక్కకు పోయింది గాలి వల్లా, నా వల్లా?" ఈ ప్రశ్నకు నిజం చెప్పుకునేవాళ్ల స్కోరే పెరుగుతుంది. కింద చెప్పే పనులన్నీ ఆ జవాబు స్పష్టంగా దొరకడం కోసమే.

1. ముందు ఏ పోటీయో తేల్చుకోండి

దూరపు పోటీల్లో ఎక్కువమంది దిగేవి రెండు రకాలు. టార్గెట్ రైఫిల్‌లో నేలమీద బోర్లా పడుకుని, చేతికి స్లింగ్ (రైఫిల్‌కు కట్టిన పట్టీ) బిగించుకుని, దుర్బీను లాంటి స్కోప్ లేకుండా కాల్చాలి. గురి చూసే వెనుక సైట్‌లో చిన్న రంధ్రం, ముందు సైట్‌లో ఒక రింగు, అంతే. ఎఫ్-క్లాస్‌లో స్కోప్ ఉంటుంది, రైఫిల్‌ను బైపాడ్ (రెండు కాళ్ల స్టాండు) మీదో రెస్ట్ మీదో ఆనిస్తారు. కెనడాకు చెందిన జార్జ్ ఫార్కర్సన్ మొదలుపెట్టిన విభాగం ఇది. ఆ 'ఎఫ్' ఆయన పేరు నుంచి వచ్చిందే. ఇందులో ఎఫ్-టీఆర్ అయితే .223 రెమింగ్టన్ లేదా .308 వించెస్టర్ రకం తూటాలు మాత్రమే వాడాలి, బైపాడ్‌తో కలిపి బరువు 8.25 కిలోలు దాటకూడదు. ఎఫ్-ఓపెన్‌లో 10 కిలోల వరకు, 8 మిల్లీమీటర్ల క్యాలిబర్ (తూటా అడ్డకొలత) వరకు అనుమతి ఉంది. మోచేతులూ మెడా సహకరించని వాళ్లకు ఎఫ్-క్లాస్ నిజంగా వరం. తేలికని మాత్రం అనుకోకండి. టార్గెట్ మధ్యలోని వృత్తాల సైజు దాదాపు సగానికి తగ్గిపోతుంది.

తర్వాత మ్యాచ్ నడిచే తీరు తెలుసుకోండి. 1876లో న్యూయార్క్ దగ్గర క్రీడ్‌మూర్‌లో మొదలైన పాల్మా మ్యాచ్‌ను ఇప్పుడు 800, 900, 1000 గజాల దగ్గర, ఒక్కో దూరంలో 15 షాట్లతో ఆడతారు. ఇంగ్లండ్‌లోని బిస్లీలో జరిగే కింగ్స్ ప్రైజ్‌లో మూడు దశలు ఉంటాయి. మొదటి రెండు దశలు 300, 500, 600 గజాల దగ్గర. అందులో నెగ్గుకొచ్చిన వందమంది ఫైనల్లో 900, 1000 గజాల దగ్గర ఒక్కోచోట 15 షాట్లు కాలుస్తారు. మధ్య వృత్తానికి, అంటే బుల్‌కు, 5 పాయింట్లు, దాని లోపల ఇంకా చిన్నదైన వీ-బుల్‌కీ 5 పాయింట్లే. కానీ పాయింట్లు సమానమైతే వీ-బుల్స్ ఎవరికి ఎక్కువ అని చూస్తారు. 1930లో మార్జరీ ఫోస్టర్ ఈ ప్రైజ్ గెలిచిన మొదటి మహిళ అయ్యారు, అదీ ఒక్క పాయింట్ తేడాతో. పోటీ అంత దగ్గరగా ఉంటుంది కాబట్టి వీ-బుల్ తగిలిందా మామూలు బుల్ తగిలిందా అన్నది చిన్న విషయంగా తీసుకోవద్దు.

మీ పోటీ రూల్ బుక్ పూర్తిగా చదవండి. సైటర్లు (సైట్ సరిచూసుకునే మొదటి షాట్లు) ఎన్ని, ఒక్కో షాట్‌కు టైమ్ ఎంత, స్కోర్ మీద అభ్యంతరం ఎలా చెప్పాలి, ఈ మూడూ నోటికి రావాలి. పడుకున్నాక పుస్తకం తిరగేసే వీలుండదు.

2. రైఫిల్, తూటాలు

ఇక్కడ ఎక్కువసేపు ఆగను. 1860లో వింబుల్డన్‌లో జరిగిన తొలి పెద్ద పోటీలో మొదటి షాట్ విక్టోరియా రాణి కాల్చారు. స్టాండుకు బిగించిన విట్‌వర్త్ రైఫిల్‌కు కట్టిన తాడు లాగితే తూటా 400 గజాల దూరంలోని టార్గెట్ మధ్యకు చాలా దగ్గరగా తగిలింది. రైఫిల్ తన పని తాను చేయడం కొత్త విషయం కాదు. మీ రైఫిల్ నమ్మకమైనదైతే చాలు, అంతకంటే ఖరీదైనది కొనే డబ్బు ప్రాక్టీస్ మీద పెట్టండి.

తూటాల విషయంలో మాత్రం రెండు జాగ్రత్తలు తప్పవు. ఒకటి, వేగం ఒకేలా ఉండాలి. తూటా వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ పెట్టి చూడండి. ఒక తూటాకూ ఇంకో తూటాకూ సెకనుకు 30 అడుగుల తేడా ఉంటే వెయ్యి గజాల దగ్గర 9, 10 అంగుళాలు పైకో కిందికో పోతుంది. అది మీ తప్పూ కాదు, గాలి తప్పూ కాదు. పైన చెప్పిన ప్రశ్నకు జవాబు చెడగొట్టే మూడో దొంగ అది. రెండు, టార్గెట్ చేరేదాకా తూటా ధ్వని వేగం కంటే పైనే ఉండాలి. ఆ వేగానికి దగ్గరగా దిగినప్పుడు కొన్ని తూటాలు ఊగిసలాడతాయి. పైగా చాలా ఎలక్ట్రానిక్ టార్గెట్లు తూటా తెచ్చే షాక్ వేవ్‌ను మైకులతో పట్టుకుని స్కోర్ చెబుతాయి. ధ్వని కంటే నెమ్మదైతే ఆ వేవే ఉండదు, మీ షాట్ మిస్ కింద పడొచ్చు. .308లో వెయ్యి గజాలకు చాలామంది వాడే 155 గ్రెయిన్ల (సుమారు 10 గ్రాముల) బుల్లెట్ వెనుక ఈ లెక్క కూడా ఉంది.

తూటాలు ఎండలో పెట్టకండి. వేడెక్కిన ఛాంబర్‌లో (రైఫిల్‌లో తూటా కూర్చునే చోటు) తూటా వేసి, గాలి కోసం ఎదురుచూస్తూ ఉంచేయకండి. తూటాలోని మందు వేడెక్కితే వేగం మారుతుంది.

3. పడుకునే తీరు

స్లింగ్ బిగించి పడుకున్నాక రైఫిల్ బరువు ఎముకల మీద ఉండాలి, కండరాల మీద కాదు. సరిగ్గా ఉందో లేదో చూసుకునే పద్ధతి ఇది. గురి చూసి కళ్లు మూసుకోండి. రెండుసార్లు ఊపిరి తీసి వదలండి. కళ్లు తెరవండి. రింగు ఇంకా నల్ల వృత్తం మీదే ఉంటే బాగుంది. పక్కకు జరిగి ఉంటే చేత్తో లాగకండి. ఎడమ మోచెయ్యి కదపకుండా నడుమునూ కాళ్లనూ కొద్దిగా జరిపి మళ్లీ చూడండి. చేత్తో లాగిన రైఫిల్ ట్రిగ్గర్ నొక్కిన క్షణంలో తన చోటుకు తాను వెళ్లిపోతుంది.

ముందు సైట్ రింగు మరీ చిన్నది పెట్టుకోకండి. నల్ల వృత్తం చుట్టూ తెల్లటి వెలుగు ధారాళంగా కనిపించాలి. ఇరుకు రింగులో కన్ను త్వరగా అలసిపోయి, లేని చోట మధ్యను చూపిస్తుంది.

రైఫిల్ పక్కకు వాలకుండా చూసుకోండి. వెయ్యి గజాలకు సైట్ చాలా ఎత్తి ఉంటుంది కాబట్టి ఒక్క డిగ్రీ వాలినా తూటా 6, 7 అంగుళాలు పక్కకు పోతుంది. సైట్ దగ్గర బుడగ లెవెల్ పెట్టుకోవడానికి మీ పోటీలో అనుమతి ఉంటే తప్పకుండా పెట్టుకోండి.

4. షాట్ ఎక్కడ వదిలారో చెప్పుకోవడం

నా దృష్టిలో పోటీకి వెళ్లే ముందు నేర్చుకోవాల్సిన వాటిలో ఇదే అన్నిటికంటే ముఖ్యం. రైఫిల్ పేలిన క్షణంలో రింగు ఎక్కడుందో గుర్తుపెట్టుకుని, టార్గెట్ చూడకముందే చెప్పాలి: "మధ్యలో", "కొంచెం కుడి", "కింద ఎడమ". దీన్నే కాల్ అంటారు. నోటితోనైనా, పుస్తకంలో చుక్క పెట్టైనా. టార్గెట్ చూశాక చెప్పిన మాటకు విలువ లేదు, ఎందుకంటే మనసు వెంటనే కథ అల్లేస్తుంది.

ఒకసారి 900 గజాల దగ్గర గాలి ఎడమ నుంచి వీస్తోంది. నా ఏడో షాట్ ఎడమకు 4 పాయింట్ల వృత్తంలో పడింది. గాలి తగ్గిందనుకుని, గాలి కోసం సైట్ మీద పెట్టిన కోణంలో ఒక మినిట్ (దీని లెక్క కింద చెబుతాను) తీసేశాను. ఎనిమిదోది కుడికి 4లో పడింది. గాలి ఏమీ తగ్గలేదు. ఏడో షాట్ వదిలేటప్పుడు నా భుజం బిగిసింది. ఆ సంగతి ఆ క్షణంలోనే నాకు తెలుసు, ఒప్పుకోలేదు అంతే. రెండు పాయింట్లు పోయాయి. మొదటిది భుజం వల్ల పోయింది, రెండోది నాకు నేను అబద్ధం చెప్పుకున్నందుకు పోయింది. ఆ రోజు నుంచి కాల్ రాయకుండా, టార్గెట్ చూసుకోవడానికి పక్కన పెట్టుకునే స్పాటింగ్ స్కోప్‌లోకి చూడను.

ప్రాక్టీస్‌లో 20 షాట్లకు 20 కాల్స్ రాయండి. కాల్‌కూ తగిలిన చోటుకూ పోలిక కుదిరే దాకా పోటీ ఫీజు కట్టే తొందర వద్దు.

5. గాలి

ముందు లెక్క. మినిట్ అంటే ఇక్కడ కోణం కొలత. వెయ్యి గజాల దగ్గర ఒక మినిట్ దాదాపు పదిన్నర అంగుళాలు. సైట్ మీద ఒక క్లిక్ సాధారణంగా పావు మినిట్. .308తో గంటకు ఒక మైలు వేగంతో పక్క నుంచి వీచే గాలి తూటాను సుమారు 10 అంగుళాలు, అంటే మినిట్‌కు కాస్త తక్కువగా, తోస్తుంది. అమెరికన్ వెయ్యి గజాల టార్గెట్‌లో 10 పాయింట్ల వృత్తం అడ్డకొలత 20 అంగుళాలు, అంటే మధ్య నుంచి అంచుకు 10. గాలిని ఒక్క మైలు తప్పుగా అంచనా వేస్తే, మీరు ఎంత అందంగా కాల్చినా, తూటా అంచు మీదికి చేరినట్టే.

గాలి దిక్కును గడియారంతో పోల్చుకోండి. టార్గెట్ 12 దగ్గర ఉందనుకుంటే, 3 లేదా 9 నుంచి వచ్చే గాలి పూర్తిగా తోస్తుంది. 1 నుంచి వచ్చేది సగమే తోస్తుంది. 2 నుంచి వచ్చేది మూడింట రెండు వంతులని చాలామంది అనుకుంటారు, నిజానికి అది దాదాపు 87 శాతం.

కొత్తవాళ్లు పక్క గాలికి భయపడతారు. నేను భయపడేది ఎదురు గాలికి. గంటకు 10 మైళ్ల గాలి 12 నుంచి వీస్తూ ఒకసారి 11 వైపు, ఒకసారి 1 వైపు ఊగిందనుకోండి. అటు సగం, ఇటు సగం. జెండా కొద్దిగా ఊగినట్టే కనిపిస్తుంది, కానీ సైట్ మీద తేడా దాదాపు తొమ్మిదిన్నర మినిట్లు. అలాంటి గాలిలో జెండా ఎంత ఎగురుతోందని కాకుండా దాని కొస ఎటు తిరిగిందని చూడండి. పక్క గాలిలో దీనికి తిరగేసి. దిక్కు కొద్దిగా మారినా ఫర్వాలేదు, బలం మారితేనే నష్టం.

ఏ జెండా చూడాలన్నది అందరూ అడిగేదే. మీ దగ్గరి గాలి తూటాను ముందే దారి తప్పిస్తుంది, ఆ తప్పు దూరమంతా పెరుగుతూ పోతుంది. కాబట్టి దగ్గరి జెండాలను వదలకండి. అలాగని నేలమట్టం గాలినే నమ్మకండి. వెయ్యి గజాలకు .308 తూటా దారి మధ్యలో చూపు గీత కంటే సుమారు 10 అడుగులు పైకి లేస్తుంది. గడ్డి మీద గాలి కంటే అక్కడి గాలి జోరుగా ఉంటుంది. గాలి వచ్చే వైపున్న జెండాల్లో రెండు ఎంచుకుని వాటినే చూడండి. అన్నీ చూస్తే ఏదీ చూడనట్టే.

ఇక మిరాజ్. వేడి నేల మీద గాలి అలల్లా కదలడం స్పాటింగ్ స్కోప్‌లో కనిపిస్తుంది. ముందు టార్గెట్ మీద ఫోకస్ చేసి, తర్వాత కొద్దిగా వెనక్కి తిప్పండి. టార్గెట్ అంచులు మసకబారి, వాటి మీదుగా నీటి వాగులాంటి కదలిక తేలుతుంది. గాలి నెమ్మదిగా ఉంటే అలలు వాలుగా, పెద్దవిగా పారతాయి. గాలి పెరిగేకొద్దీ చదునుగా సన్నగా సాగుతాయి. మరీ జోరైతే చదునైన గీతల్లా ఉండి, వేగంలో తేడా తెలియదు. అప్పుడు జెండాలే దిక్కు. అలలు ఎటూ పోకుండా పొయ్యి మీద నీళ్లలా పైకి మరుగుతూ కనిపిస్తే మాత్రం వేలు ట్రిగ్గర్ మీద నుంచి తీసేయండి. గాలి అటు నుంచి ఇటు మారే ముందు తరచూ అలా మరుగుతుంది. తర్వాత ఎటు పారుతుందో చూశాకే కాల్చండి.

రైఫిల్ గొట్టం లోపలి గాడులు తూటాను కుడివైపు తిప్పేవైతే గాలి అసలు లేకపోయినా వెయ్యి గజాల దగ్గర తూటా కుడికి దాదాపు ఒక మినిట్ జరుగుతుంది. దీన్ని గాలి ఖాతాలో వేయకుండా విడిగా గుర్తుంచుకోండి.

6. పుస్తకం

గీతలు గీసిన ప్లాట్ బుక్ ఒకటి ఉండాలి. ప్రతి షాట్‌కు నాలుగు విషయాలు రాయాలి: పెట్టిన గాలి, మీ కాల్, తగిలిన చోటు, నిజంగా కావాల్సిన గాలి. ఈ నాలుగోదే అసలు సరుకు. ఎడమ నుంచి గాలి, సైట్ మీద 5 మినిట్లు ఎడమ పెట్టారు. కాల్ మధ్యలో. తగిలింది ముప్పావు మినిట్ కుడికి. అంటే కావాల్సింది 5.75. అదే కాల్ "ముప్పావు కుడి" అయి ఉంటే కావాల్సింది 5 మాత్రమే, సైట్ ముట్టుకోకూడదు. ఎనిమిది షాట్లయ్యేసరికి పుస్తకంలో కావాల్సిన గాలి 5 నుంచి 7 మధ్య తిరుగుతోందని తెలుస్తుంది. ఆ తర్వాత మీరు ఊహించరు, ఆ రెండు హద్దుల మధ్య ఎంచుకుంటారు. ఎప్పుడైనా మీ అంచనా 9 అని చెబితే, కాల్చకుండా మళ్లీ జెండా చూడాలని కూడా ఆ పుస్తకమే హెచ్చరిస్తుంది.

ఎత్తు విషయంలో ఒక్క షాట్ చూసి క్లిక్ తిప్పకండి. రెండు మూడు షాట్లు ఒకే వైపు పడ్డాకే మార్చండి. ఒక్కో దూరానికి మీ సైట్ నంబర్లు ఇంటి దగ్గరే పుస్తకం మొదటి పేజీలో రాసి ఉంచుకోండి.

7. పోటీ రోజు

ప్రయాణం గురించి రెండు మాటలు. లైసెన్స్, అనుమతి కాగితాలు నెలల ముందే మొదలుపెట్టాలి. విమానంలో రైఫిల్ తాళం వేసిన గట్టి పెట్టెలో, తూటాలు విడిగా, సాధారణంగా మనిషికి 5 కిలోల వరకే. ఎయిర్‌లైన్స్‌తో ముందే మాట్లాడి, వాళ్లు ఒప్పుకున్నట్టు రాతపూర్వకంగా తీసుకోండి.

రేంజ్‌లో అడుగుపెట్టాక రేంజ్ ఆఫీసర్ మాటకు ఎదురు లేదు. తూటా ఎక్కించే బోల్ట్ తెరిచి, ఛాంబర్‌లో ఫ్లాగ్ (లోపల తూటా లేదని చూపే ముక్క) పెట్టి, రైఫిల్ గొట్టం మూతి ఎప్పుడూ టార్గెట్ల వైపే ఉంచాలి. ముందు మనుషులు ఉన్నంతసేపు రైఫిల్ ముట్టుకోకూడదు. "సీజ్ ఫైర్" అని ఎవరు అరిచినా, సగం నొక్కిన ట్రిగ్గర్‌నైనా వదిలేయాలి. చెవులకు, కళ్లకు రక్షణ లేకుండా ఫైరింగ్ పాయింట్ దగ్గరికి వెళ్లవద్దు. ఎన్నేళ్ల అనుభవం ఉన్నా ఈ విషయంలో ఎవరికీ మినహాయింపు లేదు, ఉండకూడదు.

మీ వంతుకు గంట ముందే స్కోప్ పెట్టుకుని కూర్చోండి. కాల్చడానికి కాదు, గాలిని చూడటానికి. అది ఎంతసేపటికోసారి ఊపందుకుంటోంది, ఎంతసేపు నిలుస్తోంది, తగ్గినప్పుడు జెండా ఎలా కనిపిస్తోంది, ఇవి రాసుకోండి. మీ ముందు కాల్చేవాళ్ల టార్గెట్లు ఒకేసారి అన్నీ కుడికి చూపిస్తే అది గాలే, అనుమానం లేదు.

అవకాశముంటే బట్స్‌లో, అంటే టార్గెట్ల కింది గుంటలో, తగిలిన చోటు చూపించే మార్కింగ్ డ్యూటీ చేయండి, తప్పించుకోకండి. తల పైన కొరడా ఝళిపించినట్టు చప్పుడు, వెనుక ఇసుక కట్ట మీద దుమ్ము. ఫ్రేమ్ కిందికి లాగితే కాగితంలో పెన్సిల్ పట్టేంత రంధ్రం. పాత రంధ్రానికి చిన్న కాగితం ముక్క అతికించి, కొత్తదాంట్లో డిస్క్ గుచ్చి, ఫ్రేమ్ పైకి పంపాలి. ఇరవై షాట్లు అలా చేస్తే, ఆ టార్గెట్ మీద కాల్చే మనిషి ఎత్తు సరిగ్గా ఉంచుకుని గాలికి మాత్రమే ఓడిపోతున్నాడని గీత గీసినట్టు కనిపిస్తుంది.

బిస్లీ లాంటి చోట్ల ఒకే టార్గెట్ మీద ఇద్దరో ముగ్గురో వంతులవారీగా కాలుస్తారు. టార్గెట్ పైకి వచ్చాక మీ వంతుకు 45 సెకన్లు. పక్కవాళ్ల స్కోర్ మీరు రాయాలి, గట్టిగా చదివి చెప్పాలి. ఈ పనుల మధ్య గాలి చూడటం కష్టమే, కాబట్టి ప్రాక్టీస్‌లోనే ఒక స్నేహితుడితో వంతులవారీగా కాల్చి అలవాటు చేసుకోండి. పక్కవాళ్ల షాట్ మీకు ఉచితంగా దొరికిన సమాచారం. కాకపోతే వాళ్ల కాల్ మీకు తెలియదు కాబట్టి అందులో సగమే నమ్మండి.

సైటర్లు రెండే అయితే మొదటిదాన్ని మీ అసలు అంచనాతోనే కాల్చండి. ఎంత తప్పామో కొలిచి, ఆ మేరకు పూర్తిగా సరిచేసి రెండోది వేయండి. భయపడి సగం సరిచేస్తే రెండో సైటర్ కూడా వృథా.

పోటీ మధ్యలో 3 పాయింట్ల షాట్ పడితే టెన్షన్ వస్తుంది, గుండె చప్పుడు స్లింగ్ గుండా రింగులో కనిపిస్తుంది. బోల్ట్ తెరవండి. కాల్ రాయండి, కావాల్సిన గాలి రాయండి. చెయ్యి రాస్తున్నంతసేపు ఊపిరి కుదుటపడుతుంది. పోయిన పాయింట్లను తర్వాతి షాట్‌లో తిరిగి తేవాలని గాలితో జూదమాడకండి, మధ్య వృత్తానికి ఇచ్చే పాయింట్ల కంటే ఎక్కువ ఒక షాట్‌కు ఎవరూ ఇవ్వరు.

టీమ్ మ్యాచ్‌లో అయితే గాలి చూసే పని కోచ్‌ది. ఆయన చెప్పిన నంబర్ పెట్టి వెంటనే కాల్చాలి. మీ పని షాట్ శుభ్రంగా వదలడం, కాల్ నిజం చెప్పడం. కోచ్ తన అంచనా సరిచేసుకునేది మీ కాల్ మీదే. మొహమాటపడి "మధ్యలో" అన్నారంటే మీ తర్వాత కాల్చే వాళ్లందరికీ తప్పు గాలి వెళుతుంది.

చివరి షాట్ అయ్యాక బోల్ట్ తెరిచి, ఛాంబర్ చూపించి, ఫ్లాగ్ పెట్టండి. స్కోర్ కార్డు ఒక్కొక్క షాట్ లెక్కపెట్టి సంతకం చేయండి, సంతకం తర్వాత అభ్యంతరం చెల్లదు. వీ-బుల్స్ కూడా సమానమై మళ్లీ కాల్చాల్సి వచ్చే అవకాశం ఉంటే కొన్ని తూటాలు నీడలో మిగిల్చి ఉంచుకోండి, స్లింగ్ సర్దేయకండి. చాప చుట్టే ముందు పుస్తకంలో రేంజ్ పేరు, సమయం, వెలుతురు, గాలి ఎటు నుంచి మొదలై ఎటు ముగిసింది, ఏ జెండా నిజం చెప్పింది, ఏది మోసం చేసింది అన్నవి రాయండి. వచ్చే ఏడాది అదే ఫైరింగ్ పాయింట్ మీద పడుకున్నప్పుడు మొదట తెరవాల్సిన పేజీ అదే.